చార్టులో నేను రాయని పదకొండో పని

ఒక విషయం ముందే ఒప్పుకుంటాను. మా ఆసుపత్రిలో నాణ్యతా తనిఖీ రోజున జరిగిన రభసకు కారణం యాదమ్మ కాదు. నేను. ఈ ఒక్క వాక్యం చెప్పాల్సిన గదిలో, చెప్పాల్సిన మనిషి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి కూడా నేను చెప్పలేదు. నోరు పనిచేయక కాదు. ఆ పొద్దున అదే నోటితో మేడ్చల్ బస్టాండు దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు తిని, ఐదోదానికి బండివాడితో వాదన కూడా పెట్టుకున్నాను.

మా క్యాంటీన్‌లో ఇప్పటికీ ఈ కథను "యాదమ్మ పెద్ద సారును బకెట్ ఎక్కించిన కథ" అనే చెప్పుకుంటారు. అలా చెప్పుకుని నవ్వేవాళ్లలో నేనూ ఉన్నాను. కాస్త ఎక్కువగానే నవ్వేవాణ్ని. అందుకే ఇవాళ అసలు కథ రాస్తున్నాను. ఇందులో ఒక ముసలాయన వార్డు అదిరిపోయేలా అరుస్తాడు, ఒక పెద్ద డాక్టరు చక్రాల మీద ప్రయాణం చేస్తాడు, టై కట్టుకున్న ఒక మూర్ఖుడు బెడ్‌ప్యాన్‌ను తిరగేసి పెడతాడు. ఆ మూర్ఖుణ్ని మీరు సులభంగానే గుర్తుపడతారు.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మేడ్చల్‌లో హైవే పక్కన యాభై పడకల ఆసుపత్రిలో అడ్మిన్ ఎగ్జిక్యూటివ్‌గా చేరి ఏడు నెలలు. నా గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను. ఆ మూడూ చేతిలో ఉంటే మనిషికి ఎంత పొగరు వస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కనిపించిన ప్రతి కాగితాన్నీ లామినేట్ చేసేవాణ్ని. మా క్యాంటీన్ మెనూకు చేయించాను. ఒకసారి ఆత్రంలో నా రేషన్ కార్డును కూడా మిషన్‌లో పెట్టబోతే మా ఆవిడ లాక్కుంది.

ఒకరోజు ఆసుపత్రి యజమాని, మేమంతా పెద్ద సారు అని పిలిచే పెద్ద డాక్టరుగారు, నన్ను పిలిచారు.

"ప్రభాకర్, వచ్చే నెల క్వాలిటీ ఇన్‌స్పెక్షన్. సర్టిఫికెట్ వస్తే మన ఆసుపత్రి స్థాయే మారిపోతుంది. ఆయా, వార్డ్ బాయ్... ఈ పేర్లేమిటయ్యా ఇంకా? మనవాళ్లందరికీ సరైన హోదాలు పెట్టు. ఎవరి పని ఏమిటో స్పష్టంగా చార్టు రాయి. ఆ చార్టు ప్రకారం పనిచేసేవాళ్లే వార్డులో ఉంటారు. మిగతావాళ్లు హౌస్‌కీపింగ్‌కి, కాంట్రాక్టరు కిందికి పోతారు."

"రేపటికల్లా ఇస్తాను సార్!" అన్నాను. గుండె మేడ్చల్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులా పరుగెత్తింది. పేర్లు పెట్టడం! చార్టులు గీయడం! ఆపైన లామినేషన్!

ఆ హోదాల చార్టును వార్డులో అడుగు పెట్టకుండానే రాశాను. వార్డు వాసన నాకు పడేది కాదు మరి. స్టాఫ్ నర్సుల పని వాళ్ల చదువులోనే ఉంది, అది తేలిక. మందులు, ఇంజెక్షన్లు, డాక్టరుకు సమాచారం. నా ప్రతిభ అంతా వాళ్ల కింద పనిచేసే సహాయకుల మీద ప్రదర్శించాను. ఆయా అన్న పేరు కొట్టేసి 'పేషెంట్ కేర్ అసిస్టెంట్' అన్నాను. వార్డ్ బాయ్‌ని 'పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్ అసోసియేట్' చేశాను. మా వార్డ్ బాయ్ ఖాజాకు అప్పటికే ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లయ్యాయి. బాయ్ అన్న మాట పోయినందుకైనా నాకు పుణ్యం దక్కాలి.

పేషెంట్ కేర్ అసిస్టెంట్ విధులు రాస్తున్నాను. ఒకటి, పక్క దుప్పట్లు మార్చుట. రెండు, రోగికి ఒళ్లు తుడుచుట. మూడు, నాలుగు... తల దువ్వుట, అన్నం తినిపించుట, రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిలబెట్టుట. పది దాకా హుషారుగా సాగింది. పదకొండో పని దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

బెడ్‌ప్యాన్ పెట్టుట.

ఆ అక్షరాలను తెర మీద చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. ఈ చార్టు రిసెప్షన్‌లో, గాజు ఫ్రేములో, పూలకుండీ పక్కన వేలాడబోతోంది! రోగుల బంధువులు కాఫీ తాగుతూ చదువుతారు! మర్యాదైన మాట కోసం వెతికాను. 'మలమూత్ర విసర్జన యందు తోడ్పడుట' అని కొట్టాను. ఏదో పాత వైద్యగ్రంథంలో పేజీ చిరిగి వచ్చినట్టనిపించింది. 'ప్రకృతి పిలుపునకు ఏర్పాట్లు' అన్నాను. విహారయాత్ర ప్రకటనలా ఉంది. 'ఇతర వ్యక్తిగత అంశములు' అన్నాను. అది పోలీసు విచారణలా ఉంది. చివరికి ఏం చేశానో తెలుసా? ఆ లైను మొత్తం చెరిపేశాను. పది పనులే ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉన్నాయో అని మురిసిపోయి ప్రింటు కొట్టాను.

అంటే యాభై పడకల ఆసుపత్రిలో బెడ్‌ప్యాన్ ఎవరి పనీ కాకుండా పోయింది.

మర్నాడు వార్డులో బ్యాడ్జీలు పంచాను. ఖాజా తనది మెడలో వేసుకుని దూరంగా పట్టుకుని చదువుకున్నాడు.

"ట్రాన్స్‌పోర్ట్... అంటే లారీ ఆఫీసోళ్ల లెక్క. మంచిగుంది సార్. హారన్ గూడ ఇస్తరా?"

"నవ్వులాట కాదు ఖాజా. నీ పని పేషెంట్లను స్ట్రెచర్ మీద, వీల్ చైర్ మీద తీసుకెళ్లడం. అంతే."

"గదే గద సార్ ఇన్నేండ్ల సంది జేస్తున్న. ఇప్పుడు పేరు పొడుగైంది, స్ట్రెచర్ చక్రం మాత్రం గట్లనే కీచుమంటున్నది."

యాదమ్మ తన చార్టును చేతిలోకి తీసుకుంది. ఆమెది శామీర్‌పేట దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా మా వార్డులో ఆయా. చదువు ఐదో తరగతే గాని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చివరి దాకా చదివే ఓపిక ఉంది. ఆ ఓపికే నా కొంప ముంచింది. పదో పని మీద వేలు ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"సారూ, ప్యాన్ యాడుంది గిందుల?"

"ఏ ప్యాన్?"

"ఏ ప్యాన్ ఏంది సారూ! బెడ్‌ప్యాన్. దినాం ఇరవై మందికి పెడతున్న. గదే లేదు."

"అది... అది వేరే అన్నిట్లో కలిసే ఉంటుంది యాదమ్మా. అర్థం చేసుకోవాలి."

"తల దువ్వుడుల కలిసుంటదా?"

సిస్టర్లు కిసుక్కుమన్నారు. నాకు కోపమొచ్చింది. నా చార్టులో, నా పది పనుల చార్టులో, ఐదో తరగతి మనిషి తప్పు పట్టడమా!

"చూడు యాదమ్మా, పెద్ద సారు మాట గుర్తుంది కదా. చార్టు ప్రకారం చేసినవాళ్లే వార్డులో ఉంటారు. ఇన్‌స్పెక్షన్ రోజున చార్టులో లేని పని ఎవరు చేసినా మార్కులు పోతాయి. అందరికీ చెప్తున్నాను. ఉన్నది చెయ్యండి. లేనిది ముట్టుకోకండి!"

యాదమ్మ ముఖం మారిపోయింది. "నన్ను వార్డుల కెల్లి తియ్యరు గద సారూ? నాకు గీ పని తప్ప వేరేది రాదు. మా ఊర్ల అందరు నన్ను నర్సమ్మ అనే పిలుస్తరు."

"చార్టు పట్టుకుని ఉంటే నిన్నెవరూ కదిలించలేరు," అన్నాను, ఆ చార్టేదో నేను కొండ మీంచి మోసుకొచ్చినట్టు.

తనిఖీ రోజు వచ్చింది. ఇద్దరు వచ్చారు. ఒకాయన ఫైళ్లు చూసేవాడు, ఆయన నా గదిలోనే లామినేషన్ల మధ్య చిక్కుకుపోయాడు. రెండో ఆవిడ ఒకప్పుడు పెద్ద ఆసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఆవిడ నడిచివస్తుంటే గోడ మీద సున్నం కూడా సర్దుకుని నిలబడేలా ఉంది. పెద్ద సారు ఆవిడ పక్కన తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని నడుస్తున్నారు. ఆ వెనక హెడ్ నర్సు కరుణ సిస్టర్. ఆ వెనక నేను, కొత్త టైతో.

"నీ హోదా ఏమిటి?" ఖాజాను అడిగిందావిడ.

"పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్ అసోసియేట్ మేడమ్! పేషెంట్లను జాగ్రత్తగ తోల్కపోవుడు నా డ్యూటీ. పేషెంట్లను తప్ప ఇంకెవ్వరినీ తోల్కపోను!"

ఆ చివరి ముక్క అత్యుత్సాహం. నేను నేర్పలేదు.

"బాగుంది," అంది ఆవిడ. నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. పెద్ద సారు నా వైపు తిరిగి చిన్నగా తల ఊపారు. ఆ క్షణంలో నన్ను ఎవరైనా గిల్లినా నొప్పి తెలిసేది కాదు.

సరిగ్గా అప్పుడు ఏడో నంబరు మంచం మీద నుంచి కేక వినిపించింది.

"అవ్వా! ఓ యాదవ్వా! జర ప్యాన్ దేవే!"

మల్లయ్య. కీసర దగ్గరి రైతు. డెబ్బై ఏళ్లు. గట్టు మీంచి జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి నాలుగో రోజు, మంచం దిగే పరిస్థితి లేదు. పరాయి ఊరి పొలంలో ఉన్న ఎద్దును అదిలించే గొంతు ఆయనది.

యాదమ్మ కాలు ముందుకేసి, నా వైపు చూసి, కాలు వెనక్కి తీసుకుంది.

"పేషెంట్ పిలుస్తున్నాడు. ఎవరు వెళ్లాలి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆవిడ ఖాజాను చూసింది.

"ప్యాన్ పేషెంట్ గాదు మేడమ్," అన్నాడు ఖాజా అటెన్షన్‌లో.

ఆవిడ నర్సును చూసింది. "మాది మందులు, ఇంజెక్షన్లు మేడమ్."

ఆవిడ హౌస్‌కీపింగ్ అమ్మాయిని చూసింది. ఆ పిల్ల చక్రాల బకెట్‌లో ఫినాయిల్ నీళ్లతో వార్డు మధ్యలో నిలబడి, "నాది కింద నేల. మంచం మీది నాది గాదు," అంది.

"అరే, ఏమన్న అయిందా మీకందరికి?" మల్లయ్య గొంతు పెంచాడు. "నేనింక ఆగలేను! చెరువు కట్ట తెగుతది! నాకెర్కలే, చెప్పిన!"

"నువ్వు?" అంది ఆవిడ, యాదమ్మతో.

యాదమ్మ చార్టు తీసి వేలు పెట్టి వెతకసాగింది. ఒకటి, రెండు, మూడు. పాఠకమహాశయా, ఆ జాబితాలో ఏం లేదో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను టై సరిచేసుకుంటున్నాను.

"అవ్వా!!"

యాదమ్మ చార్టును పక్క మంచం మీద పడేసింది. "నా పనిపోతె పోయింది గని!" అంటూ ప్యాన్‌లు పెట్టే గదిలోకి పరుగెత్తి, ఒక ప్యాన్ మీద గుడ్డ కప్పి, "జరుగుండ్రి! జరుగుండ్రి! సారూ, అడ్డం లెవ్వు!" అని దూసుకొచ్చింది.

పెద్ద సారు అడ్డం తొలగబోయారు. వెనక్కి రెండడుగులు వేశారు. రెండో అడుగు హౌస్‌కీపింగ్ అమ్మాయి బకెట్‌లో పడింది.

ఆ బకెట్‌కు నాలుగు చక్రాలు. వార్డు నేల ఆ పొద్దుటే తుడిచి తళతళ లాడుతోంది, తనిఖీ కదా మరి. ఒక కాలు ఫినాయిల్‌లో, ఒక కాలు గాలిలో, రెండు చేతులూ రెక్కల్లా చాపి మా పెద్ద సారు నెమ్మదిగా, హుందాగా, శామీర్‌పేట చెరువులో పడవ కదిలినట్టు, మంచాల మధ్య నుంచి గుమ్మం వైపు సాగిపోయారు. గుమ్మం దగ్గర ఖాజా ఉన్నాడు. రెండు చేతులు చాపితే చాలు, ఆపేవాడు.

"పట్టుకో ఖాజా!" అని అరిచాను.

"పేషెంటా సార్?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నకు నేను జవాబు ఆలోచించేలోపు పెద్ద సారు గుమ్మం దాటి వరండాలోకి వెళ్లిపోయారు. వాటర్ కూలర్ ఆపింది.

ఇక ఇక్కడ వార్డులో, ఈ గొడవేదీ పట్టనట్టు, యాదమ్మ ఏడో మంచం చుట్టూ తెర లాగింది. లోపలి నుంచి మల్లయ్య మాట వినిపించింది: "నీ కడుపు సల్లగుండ." ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని పుస్తకంలో ఏదో రాసుకుంది. సర్టిఫికెట్ ఆరు నెలలు వాయిదా పడింది.

గంట తర్వాత పెద్ద సారు గదిలో నేను, యాదమ్మ నిలబడ్డాం. ఆయన ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి స్లిప్పరు. గదంతా ఫినాయిల్ వాసన.

"చార్టులో లేని పని ఎందుకు చేశావు?"

"ముసలాయన ఓర్సుకోలేకపోతుండె సారు."

"అది ఎవరి పనైతే వాళ్లు చేస్తారు కదా! నువ్వెందుకు ఉరికావు? ప్రభాకర్, ఆ పని ఎవరి పేరున ఉంది?"

ఇదీ ఆ క్షణం. 'ఎవరి పేరునా లేదు సార్, సిగ్గుపడి నేనే చెరిపేశాను' అనాలి. ఏడు మాటలు. యాదమ్మ నా వైపు చూసింది. అడుక్కున్నట్టు కాదు, మామూలుగా, చెప్తాడులే అన్న నమ్మకంతో చూసింది.

"ఫైల్ చూసి చెప్తాను సార్," అన్నాను.

"అంటే ఈమెది కాదన్నమాట. రేపట్నుంచి ఈమెను హౌస్‌కీపింగ్‌లో వేసెయ్."

యాదమ్మ బయటికొచ్చి వరండా గోడకు ఆనుకుంది. "పన్నెండేండ్లు ఈ చేతులతోని మనుషులను పట్టుకున్న సారూ. ఇగ తుడుపుకట్టె పట్టుకోవాల్నా?" అంది. లామినేషన్ మిషను ఆన్‌లో ఉందేమో చూడాలని చెప్పి పారిపోయాను.

మర్నాడు యాదమ్మ చేతికి తుడుపుకర్ర వచ్చింది. ఆమె స్థానంలో సర్టిఫికెట్లున్న ఇద్దరు కొత్త అమ్మాయిలు వచ్చారు. నా చార్టును బాగా చదువుకుని వచ్చారు. పది పనులూ చక్కగా చేశారు. పదకొండో పని దగ్గర చేతులు కట్టుకున్నారు.

పదిన్నరకు కరుణ సిస్టర్ నుంచి ఫోను. "ప్రభాకర్ గారూ, ఒకసారి వార్డుకు రండి. మల్లయ్య పిలుస్తున్నాడు."

"నన్నెందుకు సిస్టర్? ఆ అమ్మాయిలు..."

"వాళ్ల చార్టులో లేదట."

"యాదమ్మను అడగండి."

"అడిగాను. ఆమె ఏమందో తెలుసా? నాది కింద నేల, మంచం మీది నాది కాదు, కాయిదం చూసుకోండి అంది."

వార్డుకు పరుగెత్తాను. కరుణ సిస్టర్ చార్టు చివరి పేజీ తెరిచి పట్టుకుని ఉంది. ఆ పేజీ నా హోదాది. అందరి పనులూ రాశాక నావి రెండే లైన్లు తేలాయి. మిగతావాళ్ల ముందు మరీ పీలగా ఉందని ఒక గంభీరమైన వాక్యం చేర్చాను. అది నేనూ మర్చిపోయాను.

"చదవండి," అంది సిస్టర్.

చదివాను. "పై పట్టికలలో ఎక్కడా పేర్కొనని సమస్త విధులకు అడ్మిన్ ఎగ్జిక్యూటివ్ స్వయముగా బాధ్యత వహించును."

"స్వయముగా," అంది సిస్టర్, ఆ మాటను రుచి చూస్తున్నట్టు.

"సిస్టర్, అది కేవలం..."

"సంతకం మీదే కదా?"

"ఎవడైతేంది గని జల్దీ రా బిడ్డా!" మల్లయ్య గర్జించాడు.

నేను వెళ్లాను. కొత్త టైతో, పాలిష్ చేసిన బూట్లతో, చేతిలో బెడ్‌ప్యాన్‌తో. దాన్ని ఎలా పట్టుకున్నానంటే, పెళ్లిలో తాంబాళం పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకున్నాను. తెర లాగాను. ఒక కొస వెడల్పుగా, ఒక కొస సన్నగా ఉంది. ఏది ఎటు? మర్యాదైన మాట వెతకడంలో గంటలు గడిపిన నాకు ఆ వస్తువు ఆకారం మాత్రం తెలియదు.

"ఆఁ! సచ్చిన! ఏందిర గిది, సల్లగ మంచుగడ్డ లెక్క! తిరగేసి పెట్టినవ్ రా!"

"కొంచెం లేవండి తాతా."

"లేస్తే నీతోని పనేంది? బాయికాడ్కి నేనే పోదును గద!"

తెర అవతల నుంచి యాదమ్మ గొంతు వినిపించింది. తుడుపుకర్ర మీద ఆనుకుని నిలబడి, తెర దాటకుండా చెప్తోంది. దాటితే తన చార్టు తప్పుతుంది కదా.

"మొదలు వేన్నీళ్లు పోసి తొలువాలె సారూ. గోరువెచ్చగుండాలె. తుడిచి జర పౌడర్ సల్లు, అంటుకోదు."

"తర్వాత?"

"మంచిగున్న పక్కకు తిప్పు. ఆపరేషన్ అయిన కాలు దిక్కు బరువు పడొద్దు. నడుము కింద చెయ్యి పెట్టు. నీ చెయ్యి, సారూ, నీ టై గాదు!"

"పెట్టాను."

"ఇగ ప్యాన్ నూకు. మెల్లగ. మనిషి ముఖం సూడు, ప్యాన్‌ను గాదు."

పని అయింది. నేను ముక్కు మూసుకుని పారబోయడానికి ఉరుకుతుంటే తుడుపుకర్ర అడ్డం పడింది.

"సూసినవా?"

"ఏం చూడాలి?"

"రంగేంది? ఎంతుంది? సూడనిదే పారబోస్తవా? గది సిస్టరమ్మకు జెప్తే ఆమె డాక్టరుకు జెప్తది. గీ పని గందుకే గద!"

చూశాను. అందులో నల్లగా, తారులా ఉంది. కరుణ సిస్టర్‌కు చెప్పాను. ఆమె వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరు వచ్చాడు, రక్తపరీక్ష అన్నాడు, నొప్పి మాత్రలు ఆపించాడు, కడుపులో ఎక్కడో రక్తం కారుతోందన్నాడు. సాయంత్రానికి ప్రమాదం తప్పిందన్నారు. సిగ్గుతో నేను చెరిపేసిన లైను అదీ.

మూడు రోజులు ఆ పని చేశాను. మూడో రోజుకు మల్లయ్య నన్ను "ప్యాన్ సారు" అని పిలవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు పెద్ద సారు దగ్గరికి వెళ్లాను. ధైర్యంగా నిజం చెప్పడానికే వెళ్లాను, నమ్మండి. తలుపు తోసేసరికి ధైర్యం వరండాలోనే ఆగిపోయింది.

"సార్, పదకొండో పని ఒకటి చార్టులో చేరిస్తే బాగుంటుంది. యాదమ్మకు అనుభవం ఉంది. వార్డుకు వెనక్కి తీసుకుంటే..."

"క్షమాపణ పత్రం రాసిస్తే తీసుకుంటాను. ఆరు నెలలు వెనక్కి పోయామయ్యా ఆమె వల్ల."

ఆ పత్రం టైపు చేసింది ఎవరనుకుంటున్నారు? నేనే. 'నా తప్పిదము వలన' అని మొదలయ్యే నాలుగు లైన్లు. యాదమ్మ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

"గిందుల తప్పు నాది అని ఉంది సారూ."

"అది... ఫార్మాలిటీ యాదమ్మా."

కాగితం తిప్పి వెనక చూసింది. "సంతకం పెడితే వార్డులకు పోవచ్చా?"

"పోవచ్చు."

పెట్టింది. పెన్ను మూత జాగ్రత్తగా పెట్టి నాకిచ్చింది. వెళ్లిపోయింది. నాకది లామినేట్ చేయాలనిపించని మొట్టమొదటి కాగితం.

పదమూడేళ్లు గడిచాయి. నేను మేనేజర్నయ్యాను, పొట్ట కూడా హోదాకు తగ్గట్టు పెరిగింది. నర్సింగ్ సహాయకులకు ఆరు నెలల శిక్షణ ఇవ్వడానికి మా ఆసుపత్రి శామీర్‌పేటలో ఒక కేంద్రం తెరిచింది. అక్కడ ప్రాక్టికల్స్ చెప్పేది యాదమ్మ. పిల్లలు మేడమ్ అంటారు.

పోయిన నెల యూనిఫారాలు సరిపోయాయో లేదో చూడటానికి అక్కడికి వెళ్లాను. క్లాసులో పద్నాలుగు మంది. మధ్యలో మంచం. మంచం మీద ఉండాల్సిన బొమ్మ కాలు ఊడి మరమ్మతుకు వెళ్లిందట.

"మంచిగొచ్చినవ్ సారూ," అంది యాదమ్మ. "జర పండుకో."

"నేనా? దేనికి?"

"పిల్లలకు ప్యాన్ పెట్టుడు నేర్పాలె. బరువున్న మనిషి గావాలె. నువ్వు మస్తు పనికొస్తవ్."

పద్నాలుగు జతల కళ్ల ముందు కాదనలేకపోయాను. బూట్లు విప్పి పడుకున్నాను. ఇద్దరమ్మాయిలు నన్ను పక్కకు దొర్లించారు, ఒకబ్బాయి "మెల్లగ, మెల్లగ" అంటూ ప్యాంటు మీదే ప్యాన్ తోశాడు. నేను ఒక మేనేజర్ హోదాలో దాని మీద ఆసీనుడినయ్యాను. యాదమ్మ పాఠం చెప్తూ చెప్తూ, ప్రతి బ్యాచ్‌కూ చెప్పినట్టే, పెద్ద సారు బకెట్ ప్రయాణం చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె తనమీద తానే జోకులు వేసుకుంది.

ముందు వరసలో బౌరంపేట నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, గింత ముఖ్యమైన పని అసలు చార్టుల ఎందుకు లేకుండె?"

యాదమ్మ దుప్పటి సర్దుతోంది. "ఏమో బిడ్డా. మర్చిపోయినట్టున్నరు," అంది. నా వైపు చూడను కూడా లేదు.

ఇన్నేళ్లూ తెలిసీ ఆమె ఎవరికీ చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది.

"మర్చిపోలేదు," అన్నాను.

అందరూ మంచం వైపు తిరిగారు.

"రాసింది నేనే, చెరిపేసింది నేనే. ఆ మాట రాయడానికి సిగ్గేసింది. పెద్ద సారు అడిగినప్పుడు నోరు మూసుకున్నాను. తప్పు మీ మేడమ్‌దని కాగితం టైపు చేసి, ఆమె చేతే సంతకం పెట్టించాను."

యాదమ్మ దుప్పటి వదిలేసింది.

"లేసి జెప్తవా సారూ?"

"వద్దు. లేస్తే మళ్లీ ధైర్యం పోతుంది."

"గింత మాట పదమూడేండ్లు ఎట్ల ఆపుకున్నవ్ సారూ?" అంది, ముక్కు మీద వేలేసుకుని. క్లాసు గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది, కాని కళ్లు తుడుచుకుంది.

నేను ప్యాన్ మీద పడుకునే రెండు చేతులూ జోడించాను. ఇకమీదట ఏ మనిషి చేసే పనికీ మర్యాదైన పేరు వెతకనని, పని చేసేవాళ్లను అడగకుండా ఏ చార్టూ రాయనని, లామినేషన్ మిషను జోలికి ఈ జన్మలో వెళ్లనని, పద్నాలుగు మంది సాక్షిగా, పొట్ట మీద దుప్పటి సాక్షిగా ప్రమాణం చేశాను. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పాను.

"ఆ కాగితం కింద ఉండాల్సింది నా సంతకం యాదమ్మా. నీది కాదు. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."